వెనకవైపు ఎండ

కాశమ్మ వడియం పెట్టేటప్పుడు మాట్లాడదు. మిగతా వేళల్లో ఆమె నోరు ఆపడం మొగుడు గవర్రాజు వల్ల కూడా కాదు గానీ, పిండి చేతిలోకి వచ్చిందంటే పెదవులు బిగుసుకుంటాయి. తెల్లపంచెను తడిపి నీళ్లు పిండేసి, నేలమీద ముడత లేకుండా పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, చెయ్యి తడుపుకుని ముద్ద తీసి బొటనవేలితో గుడ్డ మీదికి జారుస్తుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అన్న మాట ఉండదు. పెద్దదైతే దాని కడుపులో చెమ్మ ఉండిపోతుంది. అదొక్కటి డబ్బాలో పడిందంటే మిగతావన్నీ ముక్కిపోతాయి.

దువ్వాడ స్టేషను అవతల, మెయిన్ రోడ్డు నుంచి రెండు మలుపులు తిరిగితే వచ్చే అపార్టుమెంటు అది. గవర్రాజు అక్కడ వాచ్‌మన్. లిఫ్టు పక్క గదిలో కాపురం. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడి వాళ్లందరికీ కాశమ్మ ఉత్త 'వాచ్‌మన్ వాళ్లావిడ'. మోటరు వేయించమనో, పాలప్యాకెట్టు పైకి పంపమనో కేకేస్తారు, అంతే. ఉగాది వెళ్లి ఎండలు ముదిరాక ఆమెకు పేరొస్తుంది. "కాశమ్మా, మాకు గుమ్మడి వడియాలు." "కాశమ్మా, పోయినేడు నువ్విచ్చిన చల్లమిరపకాయలు మా వియ్యపురాలు మళ్లీ అడుగుతోంది." ఆ పిలుపంటే ఆమెకు ప్రాణం. పైకి విసుక్కుంటుంది గానీ లోలోపల పొంగిపోతుంది.

ఆ పేరంతా మేడమీద ఎండలో ఉంది. ఈ ఊళ్లో ఏది ఆరబెట్టినా నల్లపొడి పడుతుంది. ఎక్కణ్నుంచి వస్తుందని అడిగే ఓపిక ఎవరికీ లేదు, దులుపుకుంటారు. పొద్దున్న తుడిచిన కిటికీ మీద సాయంత్రం వేలు పెడితే మసి. అందుకే కాశమ్మ ఏ రోజు పంచెలు ఆ రోజే ఉతుకుతుంది. వడియాలు ఒలిచేశాక సబ్బు పెట్టి బాది, నీలిమందులో ముంచి, పల్చగా గంజి పట్టిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆ గుడ్డలకేసి చూస్తే కళ్లు చెదురుతాయి. పెళ్లికొడుక్కైనా ఇంత తెల్లపంచె దొరకదే అని గవర్రాజు ఎగతాళి చేస్తే, "ఇది తిండి పెట్టే గుడ్డ. నీ లుంగీ కాదు" అంటుంది.

చలికాలంలో మేడమీదికి సోలార్ పలకలు వచ్చాయి. మనిషి తల తగలనంత ఎత్తున ఇనపస్తంభాలు పాతి, వాటిమీద వరసలు వరసలుగా బిగించారు. తీసుకొచ్చింది అసోసియేషన్ ప్రెసిడెంటు త్రినాథరావు. గోదావరి జిల్లా నుంచి కుర్రతనంలో వచ్చి, స్టీలుప్లాంటులో కొలిమి దగ్గర చేసి రిటైరైన మనిషి. ఆ పలకలంటే ఆయనకు సొంత మనవల్ని చూసుకున్నంత మురిపెం. "పాతకాలపువి పడిన ఎండలో ఆరోవంతు కూడా కరెంటు చేసేవి కావండీ. ఇవి నాలుగోవంతు దగ్గరికి వచ్చేశాయి. అద్దంలోపల అంత పని జరుగుతోంది!" అని మీటింగులో చెప్పారు, లిఫ్టులో చెప్పారు, చివరికి పాలవాణ్ని కూడా ఆపి చెప్పారు.

పలకలు వస్తున్నాయంటే కాశమ్మకు మొదట గుండె జారింది. తీరా బిగించాక చూస్తే వరసకీ వరసకీ నడుమ మనిషి కాళ్లు చాపి పడుకునేంత ఖాళీ ఉంది. అక్కడ ఎండ బాగానే పడుతోంది. ఎండ జరిగినకొద్దీ గుడ్డ జరుపుకుంటే సరి. పైగా నడుం నొప్పెడితే కూలబడటానికి పలకల నీడ. "మంచి పందిరేసినాడు పెసిడెంటు బాబు" అని సంబరపడిపోయి, నడిమి రెండు వరసల మధ్యా తన పంచెలు పరిచేసుకుంది.

ఆ సంబరం ఆదివారం దాకానే ఉంది.

ఆదివారం పదిగంటల వేళ త్రినాథరావు ఫోను చేత్తో పట్టుకుని మేడెక్కారు. ఏ వరస ఎంత కరెంటు చేస్తోందో ఆ ఫోనులో కనిపిస్తుంది. కంపెనీ వాళ్లు చెప్పినదానికీ వస్తున్నదానికీ పొంతన కుదరక వారంరోజులుగా ఆయనకు అన్నం సహించడం లేదు. ఎక్కడో తేడా ఉంది. ఆ తేడాను కళ్లారా పట్టుకోవాలని వచ్చారు. వచ్చీరాగానే కళ్లకు కనిపించింది కాశమ్మ.

"సెప్పులు బాబూ, సెప్పులు! గుడ్డ మీద పడతన్నాయి" అంది కాశమ్మ, పిండి చెయ్యి ఎత్తిపట్టుకుని. వడియం మధ్యలో ఆమె నోరు తెరవడం అరుదు.

ఆయన వినిపించుకోలేదు. పంచె అంచు మీద చెప్పు మడమ గుర్తు నల్లగా పడింది. తలెత్తి పలకల అడుగు చూశారు, దించి వడియాలు చూశారు.

"ఏవిటిదంతా?"

"వడియాలండి. ఈ వరస మన అమ్మగారివే."

"అమ్మగారివో అయ్యగారివో! తడిగుడ్డలు, తడిపిండి... ఈ ఆవిరంతా ఎక్కడికి పోతుందనుకున్నావ్? తిన్నగా పైకి లేచి పలకలకు పడుతోంది. అందుకే వచ్చి చావడం లేదు కరెంటు."

పాపం, ఆయన అబద్ధం ఆడలేదు, నిజంగానే నమ్మారు. కరిగిన ఇనుము మీద నీటిచుక్క పడితే ఎలా పేలుతుందో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ చూసిన మనిషి. చెమ్మ అంటే ఆయనకు శత్రువు. ఇంట్లో తడితువ్వాలు కుర్చీమీద వేసినా భార్య ధనలక్ష్మి మీద ఎగురుతారు. ఇక్కడ కొలిమీ లేదు, ఇనుమూ లేదు గానీ, భయం మాత్రం రిటైరవలేదు.

"రేపట్నించి మేడమీద ఏదీ ఆరబెట్టకూడదు. గుడ్డా, పిండీ, మిరపకాయా... ఏదీ."

కాశమ్మ లేచి నిలబడింది. "బాబూ, రేపటికి గుమ్మడికాయ తరిగీసి మూటకట్టీసినాను. మీద రాయెత్తీసినాను. పప్పు నానేసినాను. రేపు పెట్టకపోతే మొత్తం పులిసిపోద్ది. రేపొక్క పూట సెలవియ్యండి."

"ఒక్కపూట, ఒక్కపూట అంటూనే ఇంతవరకూ వచ్చింది" అని ఆయన ఫోను చూసుకుంటూ వెళ్లిపోయారు. వెళ్తూ ఇంకో పంచె కూడా తొక్కారు.

కాశమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఉన్న పిండి ఉన్నట్టు గబగబా పెట్టేసింది. ఆ రోజు వడియాలు ఒకటి పెద్ద, ఒకటి చిన్న అయ్యాయి.

కిందికొచ్చి చెబితే గవర్రాజు మెట్ల మీద కూర్చుని తల గోక్కున్నాడు. "నువ్వూరుకోయే. ఆయనతోటి మనకేటి? ఉద్దోగం ఉందా లేదా సూసుకో."

"నాను ఆయన్నేటడిగినాను? ఎండ అడిగినాను. ఎండ ఆయన బాబుదేటి?"

"గట్టిగా అనకే తల్లీ, లిఫ్టులోకి ఇనిపిస్తాది."

మర్నాడు ఆమె పెరటిగోడకూ కార్లు నిలిపే చోటుకూ మధ్య సందులో గుడ్డ పరిచింది. అక్కడికి ఎండ రావడమే ఆలస్యం, వచ్చింది కూడా ముక్కలు ముక్కలుగా. కాకులు ఒక పక్క, కారు తీసేవాళ్లు ఒక పక్క. వీధిలో లారీ వెళ్లినప్పుడల్లా ధూళి లేచి తడిపిండి మీద పేరుకుంది. పైన పల్చటి చీరముక్క కప్పితే వడియం ఆరలేదు, తీస్తే నల్లబడింది. మొత్తం మీద సాయంత్రానికి ఒకటి తుంచి చూసింది. లోపల జిగురు, పుల్లటి వాసన. రెండోది తుంచింది. మూడోది తుంచలేదు.

తొట్టి దగ్గర కూర్చుని అంతా ఒలిచి బకెట్లోకి తోసింది. బూడిదగుమ్మడికాయ చోడవరం సంత నుంచి ఏరి తెచ్చుకున్నది. మినప్పప్పు పొట్టు పోయేదాకా కడిగి, రోట్లో రుబ్బింది. మిక్సీలో వేస్తే పిండి వేడెక్కి వడియం గుల్ల రాదని ఆమె పట్టుదల. రెక్కలు పడిపోయేలా రుబ్బిన ఆ పిండి బకెట్లో చప్పుడు లేకుండా పడుతుంటే, నిన్న రాని ఏడుపు ఇవాళ వచ్చింది.

"కాశమ్మా" అని వెనకనుంచి ధనలక్ష్మి పిలిచింది. ఎప్పుడు వచ్చిందో. బకెట్ వంక చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "మా ఆయనతో చెప్పి చూశానే. వినలేదు. ఆ ఫోను పుచ్చుకుని కూర్చున్నారంటే ఇంట్లో నేనున్నానో లేదో కూడా తెలీదు."

"మీరేటి సేస్తారమ్మా" అని కాశమ్మ ముక్కు చీదింది. "మీ వడియాలే పోనాయి. ఆదివారం పెట్టినవి మంచం మీద ఆరతన్నాయి, అయ్యి ఇస్తాను. పెద్దా సిన్నా ఉన్నాయి. ఏటనుకోకండి."

"నువ్వు పెట్టినవి పెద్దాచిన్నా ఏవిటే?" అని ఆశ్చర్యపోయింది ధనలక్ష్మి. ఆ మాట కాశమ్మకు గుచ్చుకుంది.

మంగళవారం త్రినాథరావు మొహం ఆముదం తాగినట్టుంది. గవర్రాజును పిలిచి పలకలు కడగమన్నారు. మొన్ననే కడిగినవి. అయినా కడిగాడు. పొడవాటి కర్రకు మెత్తటి గుడ్డ చుట్టి, పైపుతో నీళ్లు కొడుతూ చొక్కా తడిసి ముద్దయ్యేదాకా కడిగాడు. నల్లనీళ్లు తూములోకి పోయాయి. మధ్యాహ్నం ఆయన మళ్లీ ఫోను చూశారు, మళ్లీ మేడెక్కారు.

కాశమ్మ అప్పుడు పైనే ఉంది. మూలల్లో పెట్టే తన రాళ్లు ఏరుకుంటోంది. నున్నటి రాళ్లు. ఒకసారి భీమిలి వెళ్లినప్పుడు ఇసుకలో వెతికి తెచ్చుకున్నవి. ఇక్కడ పనిలేకపోయాక వీటినెందుకు వదలడం అని కొంగులో వేసుకుంటోంది.

"నిన్న పెట్టావా వడియాలు?" అని ఆయన నిలదీశారు.

"లేదు బాబూ. కింద పెట్టినాను. పాడైపోనాయి."

"నిజం చెప్పు. నడిమి వరసలు రెండూ మరీ పడిపోయాయి. ఆదివారం కంటే తక్కువ. ఎండ చూస్తే అంతే ఉంది, మబ్బు లేదు. నీ గుడ్డలు తీసేశాక ఇంకా తగ్గడం ఏవిటి?"

అన్నారు గానీ, తాను ఏమన్నారో ఆయనకే వినిపించలేదు. కాశమ్మకూ వినిపించలేదు. పెట్టని వడియాలకు కూడా మాటపడాల్సి వచ్చిందే అన్న ఉక్రోషంతో ఆమె చెవులు మూసుకుపోయాయి. "గొప్పోళ్లు మీరు, ఏదన్నా అంటారు. నా రాళ్లు నాను అట్టుకెళ్లిపోతన్నాను. రేపు ఇంకా తగ్గితే మరి ఎవులి మీద పెడతారో" అనేసి చరచరా మెట్లు దిగిపోయింది.

గవర్రాజుకు ఆ మాట చెప్పలేదు. చెబితే రాత్రి అన్నం తినడు.

బుధవారం కంపెనీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు హేమశ్రీ. స్కూటీ గేటులో పెట్టి, హెల్మెట్ గవర్రాజు చేతికిచ్చి, "బాబాయ్, ఇది కాత్త సూడండి, ఎండలో పెట్టకండేం" అంది. ఆ యాస వినగానే గదిలో బియ్యం ఏరుతున్న కాశమ్మ తల బయటికి పెట్టింది.

"ఏ ఊరమ్మా మనది?"

"భీమిలి పిన్నీ."

"ఓలమ్మ, మా రాళ్లూరే!" అని నవ్వేసింది కాశమ్మ. ఆ పిల్లకు అర్థం కాకపోయినా తనూ నవ్వింది. మేడమీదికి మంచినీళ్ల చెంబు పట్టుకెళ్లే వంకతో కాశమ్మ వెనకే ఎక్కింది, ఆమె వెనక గవర్రాజూ ఎక్కాడు. ప్రెసిడెంటు తన మీద ఏం చెబుతాడో చెవులారా వినాలని ఆమె అసలు ఉద్దేశం.

ఆయన చెప్పారు కూడా. ఆవిరి, చెమ్మ, పిండి, గుడ్డలు. హేమశ్రీ అన్నీ వింటూ తీగలు చూసింది, అవి కలిసే కరెంటు పెట్టె తెరిచి చూసింది, పలకల మీద వేలు రాసి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత తన ఫోనులో వెనకటి రోజుల కరెంటు లెక్కల గీతలు చూస్తూ నుదురు ముడిచింది.

"సార్, విచిత్రంగా ఉంది. నడిమి వరసలు రెండూ ఇప్పుడు మిగతావాటితో సమానంగానే ఉన్నాయి. తేడా ఇప్పుడు లేదు. ఇదివరకుంది. ఆదివారం దాకా మధ్యాహ్నం పూట అవి రెండూ మిగతావాటికంటే ఎక్కువ చేసేవి. మీరు తగ్గిందనుకుంటున్నారు గానీ, తగ్గలేదు. ఎక్కువ రావడం ఆగిపోయింది."

"అదేవిటమ్మా? ఎందుకాగింది?"

"ఆదివారం దాకా ఇక్కడ కింద ఏముంది?"

గవర్రాజు కాశమ్మ వంక చూశాడు, వద్దన్నట్టు కళ్లతో సైగ చేశాడు. కాశమ్మకు మాత్రం దాచుకోవడానికి ఏముంది? "నా వడియాలమ్మా. తెల్లపంచెలు పరిసీసి పెడతాను" అంది.

హేమశ్రీ మొహం విప్పారింది. "ఒక పంచె తెస్తారా పిన్నీ? ఉతికినది."

కాశమ్మ తెచ్చింది. ఒకటి కాదు, మడతలన్నీ తెచ్చింది. హేమశ్రీ, తనూ చెరో కొసా పట్టుకుని నడిమి ఖాళీలో ఎండ పడేచోట పరిచారు. గంజిపెట్టిన గుడ్డ పెళపెళమంది. ఒకటి, దాని పక్కన ఇంకొకటి. ఖాళీ నిండిపోయాక హేమశ్రీ ఫోను త్రినాథరావుకు అందించింది.

"మీరే చూడండి సార్."

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. అంకె కాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా పెరిగింది. ఆగింది. ఇంకాస్త పెరిగింది. "మబ్బేదైనా తొలగిందేమో" అని ఆకాశం చూశారు. ఎక్కడా మబ్బులేదు. "తియ్యండి" అన్నారు. తీశారు. అంకె దిగింది. "వెయ్యండి" అన్నారు. వేశారు. ఎక్కింది. ఆయన మళ్లీ తియ్యమనబోతే కాశమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఈ పలకలకు వెనక కూడా అద్దమే సార్. రెండువైపులా పని చేస్తాయి" అంది హేమశ్రీ. "నేలమీద పడిన వెలుగు తిరిగి పైకి లేస్తే దాన్ని వెనకనుంచి తీసుకుంటాయి. మామూలు సిమెంటు నేల ఎండని చాలామటుకు మింగేస్తుంది. తెలుపు మింగదు, పైకి కొడుతుంది. మరీ ఎక్కువేం కాదు, నూటికి నాలుగైదు పాళ్లు. పెట్టేటప్పుడే మావాళ్లు చెప్పారు కదా సార్."

"చెప్పారు" అన్నారు త్రినాథరావు చిన్నగా. "ఎండ పైనుంచి వస్తుంటే వెనకవైపేం చేస్తుంది, అమ్ముకోడానికి చెప్పే కబుర్లు అనుకున్నాను."

హేమశ్రీ కాశమ్మ వైపు తిరిగి యాస మార్చేసింది. "ఎండపూట మీ గుడ్డలు సూత్తే కళ్లు సెదిరిపోవా పిన్నీ? ఆ ఎలుగే ఇది. మీ కళ్లలోకి పోగా మిగిలింది పలక తాగేత్తాది."

"ఓలమ్మో! అయితే నా వడియాలు కరెంటు సేసినాయేటి?"

"వడియాలు కాదు, గుడ్డలు."

గవర్రాజు గట్టిగా నవ్వబోయి, ప్రెసిడెంటు మొహం చూసి దగ్గులోకి మార్చుకున్నాడు.

త్రినాథరావు గిరుక్కున తిరిగారు. తప్పు తెలిసినప్పుడు ఇంకో పని పెట్టుకోవడం ఆయనకు అలవాటు. "సరే, తెలిసింది కదా. ఇంకేం, మేడంతా తెల్లరంగు వేయించేద్దాం. ఒక్కసారితో పీడా పోతుంది. ఈ గుడ్డల గోల ఉండదు."

కాశమ్మ గుండె మళ్లీ జారింది. ఇంతసేపూ పొంగింది పొంగినట్టే చల్లారిపోయింది. గుడ్డలు కరెంటు చేస్తాయని తెలిసినా తన చోటు తనకు రాదన్నమాట. వంగి ఒక పంచె మడత పెట్టడం మొదలుపెట్టింది.

"వేయించుకోవచ్చు సార్, మంచిదే" అంది హేమశ్రీ. "పలకలు పెట్టినప్పుడు మావాళ్లు నమూనాకని ఒక పట్టీ తెల్లగా వేసి వెళ్లారు. అదెలా ఉందో చూద్దాం. ఎక్కడుందది?"

త్రినాథరావు అటూ ఇటూ చూశారు. గవర్రాజు నీళ్లట్యాంకు వెనక్కి వెళ్లి చూసొచ్చాడు. మేడంతా ఒకటే రంగు. బూడిద.

"తెల్లపట్టీ ఇక్కడెక్కడా లేదమ్మా. వేయడం మర్చిపోయుంటారు మీవాళ్లు."

కాశమ్మ మడత ఆపింది. "బాబూ, తమరు నిలబడింది దాని మీదే."

ఆయన కిందికి చూసుకున్నారు. కాలు తీశారు. చెప్పు కిందా బూడిదే, పక్కనా బూడిదే. కాశమ్మ చెంబులో నీళ్లు చేతిలోకి తీసుకుని అక్కడ చల్లి, అరచేత్తో గట్టిగా రుద్దింది. నల్లనీళ్లు పాకాయి. ఆ నలుపు మధ్య అరచెయ్యంత మేర తెలుపు బయటపడింది. చలికాలంలో వేసిన రంగు. ఆమె చెయ్యి చూపిస్తే మసి.

త్రినాథరావు ఆ చేతివంక చూశారు. తర్వాత నేలమీద పరిచి ఉన్న పంచెల వంక చూశారు. చాలాసేపు చూశారు.

"ఇవి ఎలా ఉన్నాయే ఇంత తెల్లగా?"

"రోజూ ఉతుకుతాను బాబూ. తిండి పెట్టే గుడ్డలు కదా."

హేమశ్రీ కరెంటు పెట్టె మూసింది. కింద వీధిలో గ్యాసుబండి గంట వినిపించింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"అయితే ఓ పని చెయ్యి కాశమ్మా. రేపట్నించి నీ గుడ్డలు ఉతికి ఇక్కడ పరుస్తూ ఉండు. అన్ని వరసల్లోనూ. గుడ్డలు నేనే తెప్పిస్తాను, కొత్తవి. వడియాలు మాత్రం వద్దు. ఉత్త గుడ్డలు. చెమ్మ గొడవ లేకుండా."

గవర్రాజు 'అలాగే బాబూ' అనడానికి నోరు తెరిచేశాడు. కాశమ్మ అడ్డొచ్చింది. గొంతు పెంచలేదు. వడియం పెట్టేటప్పుడు ఉండే నిదానం వచ్చింది ఆమెకు.

"ఉత్త గుడ్డ నాను ఉతకను బాబూ."

"అదేవిటి?"

"వడియానికైతే ఉతుకుతాను. నలుగురు తింటారని ఉతుకుతాను. పొడి పడితే ఎవులి నోట్లోకి పోతాదోనని బయమేసి ఉతుకుతాను. పలక్కోసం ఉతకమంటే రెండ్రోజులు ఉతుకుతాను, మూడోరోజు దులిపీసి పరిసేత్తాను. నా సంగతి నాకు తెల్దేటి? మీకు తెలుపు కావాలంటే వడియాలుంటాయి. వడియాలొద్దంటే, అదిగో, మీ తెల్లపట్టీ ఉంది."

గవర్రాజుకు ముచ్చెమటలు పోశాయి. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు. త్రినాథరావు మొహం ఎర్రబడింది, తర్వాత మామూలైంది. కొలిమి దగ్గర ఆయన కింద పనిచేసిన వాళ్లలోనూ ఇలాంటివాడు ఒకడుండేవాడు. చెప్పిన పని చేసేవాడు గానీ, పాడుచేసే పని చెబితే పార కింద పడేసేవాడు. వాణ్ని తిట్టుకుంటూనే అందరికంటే ఎక్కువ నమ్మేవారు ఆయన. ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తుకొచ్చిందో గానీ, కాసేపటికి "ఆ చెమ్మ?" అని హేమశ్రీని అడిగారు.

"ఏం కాదు సార్. వానాకాలమంతా తడుస్తాయి కదా పలకలు. వడియాలేం చేస్తాయి?"

"అయినా పిండి వడియం కూడా తెలుపే" అని మెట్ల తలుపు దగ్గరనుంచి ఇంకో గొంతు వినిపించింది. ధనలక్ష్మి. కాఫీ గ్లాసులు పట్టుకుని ఎంతసేపట్నించి నిలబడి ఉందో. "ఏవండీ, ఆదివారంనాటి గుమ్మడి వడియాలు వేయించాను. కాశమ్మ చేతివి మొట్టమొదటిసారి పెద్దాచిన్నా వచ్చాయి. ఎందుకొచ్చాయో మీరే ఆలోచించుకోండి."

త్రినాథరావు కాఫీ అందుకున్నారు. రెండు గుక్కలు తాగారు. "సరే. వడియాలే పెట్టుకో" అన్నారు, గ్లాసులోకి చూస్తూ.

హేమశ్రీ స్కూటీ ఎక్కబోతుంటే కాశమ్మ కాగితంలో చుట్టిన పొట్లం చేతిలో పెట్టింది. "అమ్మకియ్యి. పెద్దా సిన్నా ఉన్నాయి. మళ్లీసారొస్తే సక్కటియ్యి ఇస్తాను."

గురువారం తెల్లారకముందే కాశమ్మ పిండి రుబ్బింది. ఎండ మేడమీదికి ఎక్కేసరికి అన్ని వరసల మధ్యా గుడ్డలు పరిచేసింది. ఉన్న పంచెలు చాల్లేదు. ధనలక్ష్మి తన పెట్టెలోంచి పాతవి నాలుగు తీసి, "మా మావగారివే, ఆయన కూడా వడియాల మనిషే" అని ఇచ్చింది. భీమిలి రాళ్లు మళ్లీ మూలలకు చేరాయి. కాశమ్మ చెయ్యి తడుపుకుంది. ఒకటి, పక్కన ఒకటి, దాని పక్కన ఇంకొకటి. ఒకదానికొకటి తీసిపోకుండా వస్తున్నాయి. గుడ్డమీది వెలుగు పలకల అడుగున పడి, అక్కడి నల్లటి అద్దం కూడా కొంచెం వెలిగినట్టుంది. ఇన్నాళ్లూ ఆమె తలెత్తి దాన్ని చూడనేలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. టపటపమని బరువుగా వేసే ఆ నడక ఆమెకు తెలుసు. పిండిచెయ్యి గాలిలోనే ఆగింది. 'సెప్పులు బాబూ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

చప్పుడు తలుపు దగ్గర ఆగిపోయింది. తర్వాత ఒక చెప్పు, కాస్త ఆగి రెండోది, గోడవారగా విడిచిన చప్పుడు. ఆ తర్వాత ఉత్తకాళ్లు కాలుతున్న సిమెంటు మీద గబగబా నడిచి పలకల నీడలోకి వచ్చాయి.

కాశమ్మ తల తిప్పలేదు. పెదవులు బిగించుకుని తర్వాతి వడియం పెట్టింది.